ఓడినాయనకు హారతా?

గంగమణి ఇత్తడి పళ్లేన్ని కడిగి, తుడిచి, బోర్లించి పెట్టిన దగ్గర పోయినవారం మనం ఆగాం. ఆ పళ్లెం ఇంకా బోర్లానే ఉంది. మధ్యలో వచ్చి చేరినవాళ్లు కంగారు పడొద్దు. జరిగిందేమిటో నాలుగు ముక్కల్లో చెప్పేసి అసలు సంగతికి వెళ్దాం.

పందొమ్మిది వందల ముప్పై ఏడో సంవత్సరం. మద్రాసు రాజధానిలో శాసనసభ ఎన్నికలు అయ్యాయి. ఇన్నేళ్లూ కుర్చీల్లో కూర్చున్న జస్టిస్ పార్టీ మట్టికరిచింది. పసుపు రంగు పెట్టెల కాంగ్రెసు గెలిచింది. మన బాన్సువాడ ఉన్నది నైజాం రాజ్యంలో. ఇక్కడి రైతుకు ఓటు అంటే ఏమిటో కూడా తెలియదు, కాబట్టి ఆ ఎన్నికలతో మనకేమీ సంబంధం లేదు. కానీ బాన్సువాడ దొర భూమారెడ్డికి ఉంది. ఆయన బావమరిది శేషాద్రిరెడ్డి కర్నూలు జిల్లాలో జస్టిస్ పార్టీ తరఫున నిలబడ్డాడు. రెండు నెలలుగా "మావాడు గెలిచినట్టే" అని దొర చెప్పని మనిషి లేడు. బీర్కూర్ పటేలుకు చెప్పాడు, నస్రుల్లాబాద్ పటేలుకు చెప్పాడు, చివరికి గడ్డం గీసే మంగలికి కూడా చెప్పాడు. తీరా చూస్తే శేషాద్రిరెడ్డి ఓ బడిపంతులు చేతిలో చిత్తుగా ఓడిపోయాడు. దర్జీ శివరాం మూడు రోజుల పాత పత్రికను కుట్టుమిషను మీద పరిచి ఆ వార్త చదువుతుంటే, రవికె కుట్టించుకోవడానికి మొగుడి వెంట వెళ్లిన గంగమణి చెవులారా విన్నది.

మరి దొర ఏం చేశాడు? నోరు మూసుకుని ఇంట్లో కూర్చున్నాడా? అయ్యో, ఎంత మాట! "మా బావమరిది గెలిచి వస్తున్నాడు, ఊరంతా గడి ముందుకు రావాలి, ఐదుగురు ముత్తయిదువలు జయహారతి పట్టాలి" అని ఊరి బంట్రోతు సుంకరితో ఇంటింటికీ కబురు పంపాడు. ఆ ఐదుగురిలో మొదటి పేరు గంగమణిది. బాన్సువాడలో హారతి పాట ఎత్తుకోవాలంటే ఆమే ఎత్తుకోవాలి, మిగతావాళ్లు అందుకోవాలి.

వీళ్లకేం తెలుస్తుందిలే అనుకున్నాడు దొర. ఈ కథ రాస్తున్న నాకు ఒళ్లు మండేది ఇదిగో, ఇక్కడే. ఓడిపోవడం తప్పు కాదు. ఎదుటివాళ్లకు కళ్లూ చెవులూ లేవనుకోవడం తప్పు.

ఇక ఆ పొద్దుటి సంగతి.

"ఏందే, పళ్లెం ఇంక గట్లనే ఉన్నది? సుంకరి రెండుసార్లు వచ్చి పోయిండు," అన్నాడు ఆమె మొగుడు ముత్తెన్న. గడపలో కూర్చున్నాడు గానీ, కూర్చున్నట్టు లేడు. లేస్తున్నాడు, చూస్తున్నాడు, మళ్లీ కూర్చుంటున్నాడు.

"రానియ్యి. కాళ్లు నొస్తె ఆయనే ఆగుతడు," అంది గంగమణి.

"మజాక్ కాదు. రూప్‌సింగ్ సంగతి మర్సినవా?"

ఎవరూ మరచిపోలేదు. కిందటేడు రూప్‌సింగ్ తన ఎడ్లను దొర పొలానికి ఊరికే పంపనన్నాడు. వారం తిరక్కుండా అతని తూము మూతపడింది. ఈనే దశలో ఉన్న వరి ఎండిపోయి పశువుల మేతయింది. గంగమణికీ ముత్తెన్నకూ ఉన్నది రెండెకరాలు, కాలువ చిట్టచివర. ఆఖరి తూము నీళ్లు పారేది ఆ ఒక్క పొలానికే. ఇప్పుడు యాసంగి వరి పొట్ట మీదుంది. ఇంకో రెండు తడులు పడితే గింజ, పడకపోతే తాలు. తూములు ఎత్తేదీ దించేదీ నీరటి సాయన్న. సాయన్నను ఆడించేది దొర.

"ఒక్క పాట, గంగమణీ," అన్నాడు ముత్తెన్న బతిమాలుతూ. "నోరు తెరిచి ఒక్క పాట పాడితె పోయేదేంది? గాయన గెలిస్తె మనకేంది, ఓడితె మనకేంది? మన మడికి నీళ్లొస్తె సాలు."

"పాడనీకె నాకేం నొప్పి? నా గొంతు ఏమన్న అరుగుతదా? అబద్ధం పాడమంటుండు గద, గది అయితలేదు నాతోని."

"ఊరంత అబద్ధమాడుతది. నువ్వొక్కదానివే హరిశ్చంద్రుని బిడ్డవా?"

"నీకే ఉన్నదా పొలం ఫికరు? నాకు లేదా? నాట్లేసింది నేను. కలుపు తీసింది నేను. ఈ వరి వోతె వచ్చే యేడు మనం తినేదేందో నాకెర్కలేదా?" గంగమణి గొంతు పెరిగింది. "గని ఇయ్యాల గీ అబద్ధం పాడితె, నీళ్లిస్తడు. మల్లొచ్చె తడికి ఇంకో అబద్ధం పాడుమంటడు. తడికొక అబద్ధం పాడుకుంట బత్కుదామా?"

ముత్తెన్న తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు.

గంగమణి లోపలికి వెళ్లింది. వచ్చేటప్పుడు చేతిలో పళ్లెం లేదు, చాట ఉంది. చాటలో దోసెడు గల్లుప్పు, గుప్పెడు ఎండు మిరపకాయలు.

అది చూసి ముత్తెన్న మొహంలో నెత్తురు చుక్క లేదు. ఎందుకో చెప్పాలి. ఆ ఊళ్లో ఎవరైనా గెలిచి వస్తే గడపలో హారతి పడతారు. దెబ్బ తిని వస్తే, దావా ఓడిపోయినా, దారిలో దొంగలు దోచినా, పాము కరిచి బతికినా, గడప బయటే ఆపి ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసి నిప్పుల్లో వేస్తారు. అప్పుడే లోపలికి రానిస్తారు. దిష్టి తీయాల్సిన మనిషికి హారతి పడితే ఆ చెడు వెంటబడి ఇంట్లోకొచ్చి కూర్చుంటుందని వాళ్ల నమ్మకం. కాబట్టి చాటలో ఉప్పు పోసుకుని గడికి వెళ్లడమంటే, "మీ బావమరిది ఓడిపోయాడు" అని ఊరందరి ముందూ చెప్పడమే.

"నువ్వు పోవుడు బందు," అన్నాడు ముత్తెన్న, దారికి అడ్డం నిలబడి.

"పిలిచిండు గద, పోకుంటెట్ల?"

"నేను నీ ఎంబడి రాను, సూడు మరి."

"రాకు."

అనేసింది గానీ ఆ మాట ఆమెను గుచ్చింది. పదహారేళ్ల కాపురంలో ఆమె ఒక్కతే ఎక్కడికీ వెళ్లలేదు. అంగడికి వెళ్లినా ముందు ఆయన, వెనక ఈమె. ఇవాళ వీధిలోకి దిగి నాలుగు అడుగులు వేశాక వెనక్కి తిరిగి చూసింది. గడపలో ఎవరూ లేరు. కళ్లు తుడుచుకుని నడిచింది.

కోటలాంటి గడి ముందు వాకిలి తెల్లవారకముందే ఊడ్చి, కలాపి చల్లి ఉంది. మామిడి తోరణాలు కట్టారు. సుంకరి తోలుకొచ్చిన జనం అరవై మంది దాకా ఉన్నారు. ఏసయ్య నిప్పుల సెగకు డప్పు కాచుకుంటున్నాడు. అరుగు మీద మూడు కుర్చీలు. ఒక దాంట్లో బీర్కూర్ పటేలు, ఒక దాంట్లో నస్రుల్లాబాద్ పటేలు. మూడోది గెలిచి వచ్చే మారాజుకు.

మోటారు వచ్చింది, డప్పు మోగింది. శేషాద్రిరెడ్డి దిగాడు. రెండు రాత్రులు నిద్ర లేని కళ్లు, నలిగిన కోటు. తోరణాలు చూశాడు, డప్పు చూశాడు, పళ్లేలు పట్టుకున్న ఆడవాళ్లను చూశాడు, చూసి మళ్లీ మోటారు ఎక్కబోయాడు. పాపం, నాలుగు రోజులు అక్క ఇంట్లో మొహం దాచుకుందామని వచ్చిన మనిషి ఆయన. దొర ఒక్క అంగలో వెళ్లి రెండు చేతులా వాటేసుకున్నాడు.

"రా శేషాద్రీ, రా! గెలిచొచ్చినవ్, మా ఇజ్జత్ నిలబెట్టినవ్!" అని ఊరంతా వినేలా అరిచి, ఆడవాళ్ల వైపు చెయ్యి ఊపాడు. "కానియ్యున్రి! పాట!"

నలుగురు ముత్తయిదువలు కర్పూరం వెలిగించారు. వెలిగించి గంగమణి వైపు చూశారు. ఆమె ఎత్తుకుంటే కదా వీళ్లు అందుకునేది. గంగమణి చాట పట్టుకుని ముందుకు వచ్చింది.

"పళ్లెమేది?" అన్నాడు దొర.

"ఇంట్ల ఉన్నది దొరా."

"గా చాటలేంది?"

"ఉప్పు, మిరపకాయలు. అయ్యగారికి దిష్టి తీద్దామని."

"గెలిచొచ్చినోనికి దిష్టేందే? హారతియ్యి!"

"గెలిచొస్తె హారతే ఇద్దును దొరా, నా గొంతు పోయేదాక పాడుదును. అయ్యగారు ఓడొచ్చిన్రు. దిష్టి తియ్యకుంట హారతి పడితె గా ఓటమి మీ ఎంబడి గడిలకు వస్తది. మీ బాగు కోరే చెప్తున్న."

డప్పు ఆగిపోయింది. వాకిట్లో ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు.

"ఓడిండా?" బీర్కూర్ పటేలు కుర్చీలో ముందుకు వంగాడు. "గెలిచిండని చెప్తివి గద దొరా! నేను నిన్ననే దావత్‌కు మేకపోతును పంపిస్తి!"

దొర మొహం కందగడ్డలా అయింది. "ఎవడు చెప్పిండే నీకు ఓడిండని?"

"పత్రికల రాసిన్రు దొరా."

"ఏ పత్రిక? ఎవడు సదివిండు? వాని పేరు చెప్పు!"

శివరాం గుండె ఆ క్షణాన ఎక్కడుందో శివరాంకే తెలియాలి. గంగమణి అతని వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

"సదివినోని పేరెందుకు? అయ్యగారు ఎదురుంగనే ఉన్నరు గద. గెలిచిన్రో ఓడిన్రో ఆయన్నే అడుగుదాం. గెలిచినన్నరనుకో, ఈ ఉప్పు నా నెత్తినే పోస్కొని పోత."

అందరి కళ్లూ శేషాద్రిరెడ్డి మీదికి తిరిగాయి. మీరైతే ఏమనుకునేవారో గానీ, ఆయన అబద్ధం చెబుతాడనే నేను అనుకున్నాను. దొరలూ దొరలూ ఒకటే కదా అని. ఆయన తల మీది టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఓడిపోయినాను బావా. నాలుగువేల పైన తేడా. ఆ పొద్దే నీకు తంతి కొట్టినాను గదా, అందలేదా?"

తంతి అందింది! అందిన తర్వాతే తోరణాలు కట్టించాడు! ఆ సంగతి వాకిట్లో అరవై మందికీ ఒక్కసారే అర్థమైంది. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. నస్రుల్లాబాద్ పటేలు మీసాల చాటున నవ్వుకున్నాడు.

"తియ్యమ్మా దిష్టి," అన్నాడు శేషాద్రిరెడ్డి, ఆమె ముందుకు వచ్చి తలవంచి. "నాకిప్పుడు కావలసింది అదే."

గంగమణి మూడుసార్లు తిప్పింది. ఏసయ్య డప్పు కాచుకునే నిప్పుల్లో పోసింది. ఉప్పు చిటపటమంది, మిరపకాయలు భగ్గుమన్నాయి. ఘాటుకు అందరికీ దగ్గే. పటేళ్లు దగ్గారు, దొర దగ్గాడు, గెలవని మారాజు కళ్లల్లోంచి నీళ్లు కారాయి, అవి మిరపకాయల వల్లనే అనుకుందాం. అలా పొగలోంచి చూస్తుండగానే గంగమణికి ప్రహరీ గోడ వారన తలపాగా ఒకటి కనిపించింది. రానన్న మనిషి వచ్చాడు. వచ్చి, గోడకు అంటుకుపోయి నిలబడ్డాడు.

ఆమెకు ధైర్యం వచ్చిందో, కోపమే వచ్చిందో, అడగాలనుకున్నది అడిగేసింది. "అయ్యా, మీ దిక్కు మీరు గూడ దొరలే గద. జనం మీ మీదికి ఎట్ల మర్లబడ్డరు?"

"మర్లబడలేదమ్మా, అదే వింత," అన్నాడాయన. "పొద్దున అందరూ నాకు దండం పెట్టినారు. నా బండ్లెక్కి వచ్చినారు, నా అన్నం తిన్నారు. ఒక్కొక్కరే గదిలోకి పోయినారు. లోపల పెట్టెలుంటాయి, ఒక్కొక్కరిది ఒక్కో రంగు. ఏ పెట్టెలో కాగితం వేసేదీ ఎవరికీ కనపడదు. నాకు గొడుగు పట్టేవాడు కూడా లోపలికి పోయొచ్చి 'మీకే వేసినానయ్యా' అన్నాడు. అందరూ అదే మాట అన్నారు. పెట్టెలు తెరిచినాకే నాకు తెలిసింది, వాళ్లకు నేనంటే ఎంత ఇష్టమో."

ఆ మాటకు వాకిట్లో గాలి మారింది. ఎవరికీ కనపడదట! జనం ఆ మాటను నోట్లో వేసుకుని చప్పరిస్తున్నట్టు నిలబడ్డారు. దొరకు అది నచ్చలేదు.

"సాయన్నా!" అని కేకేశాడు.

నీరటి సాయన్న పరుగున వచ్చాడు. మొలతాడుకు తూము తాళంచెవి వేలాడుతోంది.

"ఇయ్యాల్టి నుంచి కొస తూము బంద్. కోతలయ్యేదాక చుక్క నీళ్లు పోవద్దు దీని మడికి."

రెండెకరాలు. పొట్ట మీదున్న వరి. ఎంత నోరున్న మనిషికైనా కడుపు ఉంటుంది కదా. ఒక్క క్షణం ఆమెకు దొర కాళ్ల మీద పడాలనిపించింది. అనిపించినందుకే తన మీద తనకు కోపం వచ్చింది.

"దొరా, నోరు నాది. తప్పయితె నన్ను గొట్టు. వరి ఏం జేసింది?" అంది. "గా కాలువ మీ తాత తవ్వించింది కాదు. నిజాంసాగర్ కాలువ తవ్వంగ ఈడున్నోళ్లందరం మట్టి మోసినం. ఏడు నెలల కడుపుతోని నేను గూడ మోసిన. గా నీళ్లు బంద్ చెయ్యనీకె మీరొక్కరే ఎవలు? అడుగున్రి ఈళ్లను! గంగమణి పొలం ఎండాలె అని ఊరంటె, నేను నోర్మూసుకొని పోత."

దొర నవ్వాడు. పటేళ్ల వైపు తిరిగి మరీ నవ్వాడు. "సూసిన్రా? మా బాన్సువాడకు గూడ ఓట్లొచ్చినయ్! సరె, పెడుత ఓట్లు. ఈమె తూము బంద్ అనేటోళ్లు నా ఎనుకకు రాన్రి. నీళ్లు పోనియ్యాలె అనేటోళ్లు ఆమె ఎనుకకు పోన్రి. రాన్రి, సూస్త ఎవనికెంత దమ్మున్నదో!"

అరవై తలలు నేలకు వాలాయి. ఒక్క కాలు కదల్లేదు.

"అది ఓటు కాదు బావా," అన్నాడు శేషాద్రిరెడ్డి నెమ్మదిగా. "నువ్వట్లా చూస్తా ఉంటే, నేను కూడా నీ వెనకాలే నిలబడాల్సి వస్తాది."

"అవ్ దొరా," గంగమణి అందుకుంది. "గోడ దిక్కు మొకం చేస్కొని నిలబడున్రి. నేను దర్వాజ దిక్కు తిరుగుత. నా ఎనుక ఎవలున్నరో నేను సూడ, మీ ఎనుక ఎవలున్నరో మీరు సూడొద్దు. అయ్యగారు లెక్క చెప్తరు. లెక్క చెప్పినంక ఎవల జాగకు ఆళ్లు పోతరు, అప్పుడు మనం తిరుగుదాం."

"నేను గోడ దిక్కు తిరుగుడేందే? బడిల పిలగాన్నా?"

"భయమైతె వద్దులే దొరా," అన్నాడు బీర్కూర్ పటేలు. మేకపోతు పోయిన మనిషి కదా, ఊరుకుంటాడా?

అది తగలాల్సిన చోట తగిలింది. "భయమా? నాకా?" అంటూ భూమారెడ్డి దొర, ఏడూళ్ల యజమాని, అరుగు మెట్టెక్కి తన గడి గోడకు ఎదురుగా నిలబడ్డాడు. "లెక్క ఎట్లొస్తె గట్ల. ఇది నా మాట. పటేండ్లు సాక్షి. సప్పుడును బట్టి నాకు తెల్వదనుకుంటున్నరేమో, ఒక్కొక్కని నడక నాకెర్కే!"

ఆయన ధీమా అదే. నిజానికి బాన్సువాడ రైతుల కిర్రు చెప్పులు ఒక్కోటి ఒక్కో రాగం తీస్తాయి. చీకట్లో విన్నా, పోయేది ఫలానావాడని చెప్పవచ్చు. కానీ గడి వాకిట్లోకి చెప్పులతో ఎవరూ రావొద్దన్నది ఆయన హుకుమే కదా, ఆయన తండ్రి నుంచీ ఉన్న హుకుం. అరవై మంది చెప్పులూ దర్వాజ బయట పడి ఉన్నాయి. లోపల ఉన్నవి ఒట్టి కాళ్లు, కింద తడి ఆరని కలాపి నేల. అయ్యా దొరగారూ, ఆ హుకుం నడిపిస్తున్నది మీరే. ఇప్పుడు వినండి, ఏం వినిపిస్తుందో.

ఏమీ వినిపించలేదు.

గంగమణికీ వినిపించలేదు. దర్వాజ వైపు మొహం పెట్టి నిలబడింది. ఎండ కళ్లల్లో కొడుతోంది. వెనక ఎవరైనా వచ్చారా? ఎవరూ రాలేదా? ఒకసారి చీర కుచ్చెళ్ల చప్పుడు. ఒకసారి దగ్గు. అది ఎటువైపు నుంచి వచ్చిందో తెలియలేదు. ఊరు రాకపోయినా ఫర్వాలేదు, ఆ ఒక్క మనిషి వస్తే చాలు అనుకుంది. మరుక్షణమే, అతను రాడు, పొలం భయం అతన్ని అటే తీసుకుపోతుంది అనుకుంది. అటు పోతే మళ్లీ ఒకే ఇంట్లో ఎలా ఉండటం? నీళ్లు పోతే ఒక యేడు పస్తులుంటాం, ఇది పోతే? తిరిగి చూడాలని మెడ లాగింది. చూడనని మాట ఇచ్చింది. పళ్లు బిగబట్టి నిలబడింది.

శేషాద్రిరెడ్డి లెక్కపెట్టాడు. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు.

"బావా, అయింది."

"చెప్పు."

"ఒక వైపు ఏడుగురు. ఒక వైపు యాభై నాలుగు."

"హహ!" అన్నాడు దొర గోడతో. "విన్నవా గంగమణీ? ఏడుగురన్న వచ్చిన్రు నీకు, సంబురపడు!"

శేషాద్రిరెడ్డి గొంతు సవరించుకున్నాడు. మొన్ననే ఇలాంటి లెక్క విన్న మనిషి, చెప్పాల్సి వచ్చినప్పుడు మరీ సున్నితంగా చెప్పాడు. "ఏడుగురూ నీ వెనకాల ఉన్నారు బావా."

దొర భుజాలు ఒక్కసారి లేచి దిగాయి. ఆ వెంటే పెద్ద గావుకేక. "లెక్క లేదు, గిక్క లేదు! సాయన్నా! పో, తూము దించు! ఇప్పుడే!"

"నేనిక్కడున్న దొరా," అన్నాడు సాయన్న.

ఆ గొంతు రావలసిన వైపు నుంచి రాలేదు.

దొర గిరుక్కున తిరిగాడు. అనుకున్న ప్రకారమైతే ఈపాటికి అందరూ చెదిరిపోయి ఎవరి చోట్లకు వాళ్లు వెళ్లిపోయి ఉండాలి. ఎవరు ఎటు నిలబడ్డారో ఆయనకు తెలియకూడదనే కదా ఈ తంతంతా. కానీ ఒక్కరు కదిలితే ఒట్టు. ఏసయ్య డప్పు భుజానికి వేసుకుని నిలబడ్డాడు. శివరాం మెడలో కొలత పట్టీతో నిలబడ్డాడు. రూప్‌సింగ్ నిలబడ్డాడు. నలుగురు ముత్తయిదువలు ఆరిపోయిన హారతి పళ్లేలతో నిలబడ్డారు. చూసుకో, అన్నట్టు అందరూ తలలెత్తి ఉన్నారు. ఇంతకాలం దొర ముందు వంగి వంగి ఉన్న ఆ మెడలు, ఎవరి మెడ ఎంత పొడుగో ఆ ఊరికి ఆ రోజే తెలిసింది.

గంగమణి కూడా తిరిగింది. గుండె నిండిపోయింది. కానీ ఆమె కళ్లు వెతికింది ఒకే ఒక్క మనిషిని. మొదటి వరసలో లేడు. రెండో వరసలో లేడు. భయపడుతూ దొర వెనకాలి ఏడుగురినీ చూసింది. అందరూ గడి జీతగాళ్లే, వాళ్లలోనూ లేడు. గోడ వారన చూసింది, అక్కడ తలపాగా లేదు. పారిపోయాడా?

"తాళంచెవి ఇటు తే," అన్నాడు దొర. ఈసారి అరవలేదు. చెయ్యి చాచి మెట్టు దిగి, సాయన్నకు రెండు అడుగుల దూరంలో ఆగాడు. "నేనే పోయి దించుత. తే."

సాయన్న చేతులు మొలతాడు దగ్గరికి వెళ్లాయి. ముడి విప్పాడు. ఇరవై ఏళ్లు దొర చాచిన చేతిలో అడిగింది పెట్టడమే అలవాటైన చేతులు అవి. యాభై నాలుగు మందిలో నిలబడ్డంత మాత్రాన ఒక్క పూటలో మారతాయా? తాళంచెవి పట్టుకుని అతను దొర వైపు ఒక అడుగు వేశాడు.

అప్పుడు సాయన్న వెనక నుంచి, జనాన్ని తోసుకుంటూ, ఇంకో చెయ్యి వచ్చి దొర చేతి పక్కనే చాచుకుని నిలిచింది. బురదకు పగుళ్లు పారిన చెయ్యి, వెనక్కి పోవడం లేదు.

"నా పొలం తూము," అన్నాడు ముత్తెన్న. "ఇటియ్యి సాయన్నా."